ఇన్సులిన్ మొదలైనాక కంటి రిపోర్టు చెడింది, ఆపేస్తానంటున్నాడు. కౌంటర్లో ఏం చెప్పాల?

మందులషాపు_గిరింపేట
పేరు వద్దు, కాగితాల్లో ఉండేది చెప్తా. 54 ఏండ్ల మనిషి, షుగర్ వచ్చి 11 ఏండ్లు. ఫిబ్రవరిలో ఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 12.1. ఆ నెలలోనే కంటి క్యాంపులో ఫొటో తీసి ‘రెండు కండ్లలో తొలిదశ, ఏడాదికి మళ్లీ రండి’ అని చీటీ ఇచ్చినారు. తర్వాత రాత్రిపూట గ్లార్జిన్ ఇన్సులిన్ మొదలు. 10 యూనిట్లతో పట్టి 26 దాకా పోయింది. జూన్‌లో ఏ1సీ 7.4. పోయిన వారం తిరుపతిలో కండ్లు చూపిస్తే రెండూ మధ్యదశ అని రాసినారు. కుడి కంట్లో దూది మచ్చలు ఐదు, ఎడమ కంట్లో మాక్యులా (రెటీనాలో నడిమి చూపు చోటు) పక్కన పసుపు మచ్చలు. చూపు రెండు కండ్లూ 6/6.

ఆయన వాదన ఏందంటే, షుగర్ 400 ఉన్నప్పుడు బాగుండిన కన్ను 130కి వచ్చినాక చెడిందంటే తప్పు ఇన్సులిన్‌దే, మిగిలిన పెన్నులు వాపసు తీసుకో అని. పెన్నుల సంగతి నేను చూసుకుంటా. ఈ లెక్కకి జవాబేంది? షుగర్ తగ్గితే కన్ను బాగుపడాల కదా?

సంగటి_ముద్ద
400 ఉన్నప్పుడు కన్ను బాగుందని ఎవురు చెప్పినారంట, కన్నేనా?

షుగర్_లెక్కలు
ఆపనీయద్దు. కానీ ఆయన మాటలో సగం నిజం ఉంది, కొట్టిపారేస్తే ఇంక మన మాట వినడు.

ఏ1సీ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకి కొద్ది నెలల్లోనే దించేస్తే మొదటి ఏడాదిలో రెటినోపతి (షుగర్‌తో కంటి వెనకపొర రెటీనా పాడవడం) ముదరడం ఎప్పటినుంచో తెలిసిన సంగతే. 1993లో ఫలితాలు వచ్చిన డీసీసీటీ అనే పరిశోధనలో దీన్ని కొలిచినారు. గట్టిగా కంట్రోల్ చేసిన గుంపులో 13.1 శాతం మందికి, మామూలు వైద్యం గుంపులో 7.6 శాతం మందికి ఆరు నెలలకో పన్నెండు నెలలకో కన్ను వెనకడుగు వేసింది. అక్కడితో పరిశోధన మూసేసి ఉంటే మీ కస్టమరు మాటే పుస్తకాల్లోకి ఎక్కేది. సగటున ఆరున్నర ఏండ్లు చూసినారు కాబట్టి అసలు లెక్క బయటపడింది. రెటినోపతి లేనివాళ్లకి కొత్తగా రావడం 76 శాతం, ఉన్నవాళ్లకి ముదరడం 54 శాతం తగ్గింది. మొదట చెడినవాళ్లు కూడా చివరికొచ్చేసరికి మామూలు వైద్యం గుంపుకంటే తీసిపోలేదు.

ఎందుకు చెడుతుందంటే, చక్కెర ఎక్కువున్న రోజుల్లో రెటీనాలో రక్తం జోరుగా పారతా ఉంటుంది. దించగానే ఆ జోరు తగ్గుతుంది. అప్పటికే కేశనాళికలు మూసుకుపోయిన చోట ఆ కాస్త తగ్గుదలే ఎక్కువై, ఆక్సిజన్ చాలక కొత్త మచ్చలు తేలతాయని ఒక వివరణ. పాడైపోయిన నాళాలు మాత్రం ఫిబ్రవరికి ముందటివి, పదకొండేండ్ల సంపాదన.

ఇట్లా అయ్యే అవకాశం ఎవరికి జాస్తి అంటే, మొదటి ఏ1సీ బాగా ఎక్కువ ఉన్నవాళ్లు, షుగర్ పదేండ్లు దాటినవాళ్లు, ముందే మచ్చలున్నవాళ్లు. ఈయనకి మూడూ ఉండాయి. అట్లాంటి మనిషికి ‘ఏడాదికి రండి’ అని రాయడమే పొరపాటు. ఇన్సులిన్ మొదలుపెట్టే ముందు పాప పెద్దది చేసి చూసి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి పిలవాల.

పీలేరు_పీజీ
డీసీసీటీలో ఉన్నవాళ్లంతా టైప్ 1, 13 నుంచి 39 ఏండ్ల లోపు. ఈయన టైప్ 2, 54 ఏండ్లు. ఆ శాతాలు తెచ్చి ఈయనకి అంటించేది ఎట్లా?

షుగర్_లెక్కలు
@పీలేరు_పీజీ శాతాలు అంటించలేదు, దారి చూపించినా అంతే. టైప్ 2 కావాలంటే 2016లో వచ్చిన సస్టెయిన్-6 చూడు, సెమాగ్లూటైడ్ అనే షుగర్ సూది మీద చేసింది. రెండేండ్లలో రెటినోపతి చిక్కులు ఆ మందు గుంపులో 3.0 శాతం, ఉత్తుత్తి మందు గుంపులో 1.8 శాతం. ముందే రెటినోపతి ఉండి, ఏ1సీ బిన్నా పడినవాళ్లే అందులో ఎక్కువ. అంటే ఇది ఒక్క ఇన్సులిన్ గుణమే కాదు, పడే వేగం కూడా. ఇప్పుడు బరువు తగ్గేదానికి ఆ సూదులు అడిగేవాళ్లు జాస్తి అయినారు. షాపాయన గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఫండస్_ఫొటో
అందరూ కన్ను చెడిందనే పట్టుకున్నారు. అసలు చెడిందా? ఫిబ్రవరి ఫొటో చుక్కలు వేసి తీసిందా, వేయకుండా తీసిందా? కంటికి ఎన్ని ఫొటోలు?

మందులషాపు_గిరింపేట
చుక్కలు వేయలేదు. స్కూల్ వరండాలో క్యాంపు. కంటికి ఒకటే ఫొటో. ఎడమ కంటి కింద ‘అస్పష్టం’ అని రాసుంది, ఇప్పుడు చూస్తున్నా.

ఫండస్_ఫొటో
అదీ సంగతి. అస్పష్టం అని రాసి మళ్లీ తొలిదశ అని ఎట్లా రాసినారో వాళ్లకే తెలియాల.

చుక్కలు లేకుండా తీసే కెమెరా 45 డిగ్రీల బొమ్మ ఇస్తుంది. మాక్యులా, కంటినరం మొదలు రెండూ అందులో పడతాయి, వాటి చుట్టూ కొంచెం. 200 డిగ్రీల కెమెరా అయితే రెటీనాలో దాదాపు 80 శాతం పడుతుంది, 45 డిగ్రీల బొమ్మ దాని పక్కన పెడితే కిటికీలోంచి చూసినంత. పోయిన వారం డాక్టరు పాప పెద్దది చేసి, తలకి లైటు కట్టుకొని అంచుల దాకా చూసినాడు. ముందు కిటికీలోంచి, తర్వాత మిద్దె మీదినుంచి చూసి ‘ఇండ్లు పెరిగినాయి’ అంటే ఎట్లా?

ఇంక ఆ కెమెరాకి పాప 4 మిల్లీమీటర్లన్నా ఉండాల. షుగర్ పదేండ్లు దాటినవాళ్లకి పాప సరిగా విప్పారదు. వరండా వెలుతురులో అస్సలు విప్పారదు. గది చీకటి చేసి రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టాల. కుడి కంటికి ఫ్లాష్ కొట్టగానే ఎడమ పాప కూడా ముడుచుకుంటుంది, మళ్లీ రెండు మూడు నిమిషాలు ఆగాల. క్యాంపులో లైను అరుస్తా ఉంటే ఎవరూ ఆగరు. అందుకే ఎడమ కన్ను బొమ్మలు ఎప్పుడూ చీకటిగా వస్తాయి. మీ ‘అస్పష్టం’ కూడా ఎడమదే, చూసుకోండి.

ఇంకొకటి. ఆ రోజు తీసిన పదిమంది ఫొటోల్లో అదే చోట అదే బూడిద మచ్చ ఉంటే అది జబ్బు కాదు, లెన్సు మీద దుమ్ము. కింద అంచున తెల్లటి నెలవంక కనబడితే రెప్పవెంట్రుక.

సంగటి_ముద్ద
దుమ్ముకి ఇన్సులిన్ ఎన్ని యూనిట్లన్నా?

లేజర్_బండి
@ఫండస్_ఫొటో చెప్పింది ముఖ్యం. అయినా అంతా దాని మీదికే నెట్టేయద్దు. ఐదు దూది మచ్చలు నాలుగు నెలల కింద మాక్యులా చుట్టుపక్కల ఉండి ఉంటే కుడి కంటి ఫొటోలో కనబడేవి. అవి కొత్తవే.

దూది మచ్చ పేరుకే దూది. నరాల తంతువుల పొరకి రక్తం ఇచ్చే సన్న నాళం మూసుకుపోతే, ఆ చోట తంతువుల్లోపల సరుకు రవాణా ఆగి ఉబ్బుతుంది. ట్రాఫిక్ ఆగినచోట బండ్లు గుంపయినట్టు. పైనించి చూస్తే అంచులు చెదిరిన తెల్ల మచ్చ. వారాల్లో, నెలల్లో తనంతట పోతుంది. రిపోర్టులో చూస్తే భయంగా ఉంటాయి గానీ, వాటికంటూ లేజరు లేదు, సూది లేదు.

ఎడమ కంటి పసుపు మచ్చలు వేరే జాతి. కారిన నాళంలోంచి నీళ్లతో పాటు కొవ్వు, ప్రొటీను వచ్చి, నీళ్లు ఇంకిపోయి గడ్డ మిగులుతుంది. అంచులు కోసినట్టు ఉంటాయి, ఒక్కోసారి వలయంలా. ఆ వలయం నడుమ చూస్తే కారే నాళం దొరుకుతుంది. అవి మాక్యులా మధ్య నుంచి ఎంత దూరం అన్నదే ప్రశ్న. 500 మైక్రాన్ల లోపల వాపు ఉన్నా, ఆ లోపల గడ్డలుండి పక్కన వాపు ఉన్నా లెక్క మారిపోతుంది. రిపోర్టులో దూరం లేదు. ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీయించండి. 6/6 చూసి మోసపోవద్దు. నీరు సరిగ్గా నట్టనడుమకి చేరేదాకా అక్షరాలు అన్నీ చదువుతారు.

అలిపిరి_అద్దాలు
6/6 గురించి ఒక మాట. గోడ మీది పలక పరీక్షించేది రెటీనాలో గుండుసూది మొనంత చోటు. మిగతా అంతా రక్తం చిమ్మి ఉన్నా పలకకి తెలియదు.

షుగర్ 400 నుంచి 130కి పడినప్పుడు కంటి లెన్సులో నీరు మారి పవర్ కదులుతుంది. చాలామందికి ప్లస్ వైపు. ‘ఇన్సులిన్‌తో చూపు పోయింది’ అనేవాళ్లలో కొందరిది ఇదే. ఆ వారాల్లో అద్దాలు రాయించుకుంటే డబ్బు దండగ. షుగర్ ఒక చోట నిలబడినాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి రాయించాల. మసక ఉంటే పిన్‌హోల్ పెట్టి చూడండి. అట్ట ముక్కకి చిన్న బెజ్జం చేసి చూస్తే తేటగా కనబడిందా, తప్పు చాలావరకు అద్దాలది. కనబడలేదా, లోపల చూపించాల.

పీలేరు_పీజీ
దూది మచ్చలు ఐదంటే బీపీ ఎంత? రిపోర్టులో ‘మంట ఆకారం’ అని ఎక్కడన్నా రాసుందా?

మందులషాపు_గిరింపేట
బీపీ 160/96. టెల్మిసార్టాన్ 40 రాసినారు, నెలకి ముప్పై కొనాల్సింది పది మాత్రలు కొంటాడు. అవును, కుడి కంటిలో ‘మంట ఆకారపు రక్తస్రావం రెండు’ అని ఉంది.

పీలేరు_పీజీ
అయితే సగం నేరం బీపీది. షుగర్‌లో చుక్కలు, మరకలు లోపలి పొరల్లో పడతాయి, అక్కడ కణాలు నిలువుగా ఉంటాయి కాబట్టి రక్తం గుండ్రంగా ఉండిపోతుంది. బీపీలో పైనుండే నరాల తంతువుల పొరలో చిమ్ముతుంది, తంతువుల వెంబడి పాకి మంటలా సాగుతుంది. రక్తం ఒకటే, పరుచుకున్న నేల వేరు. మంటలు, దూది మచ్చలు కలిసి కనబడితే ముందు బీపీ పట్టీ చుట్టమంటారు.

షుగర్_లెక్కలు
ఒప్పుకుంటా. 1998లో వచ్చిన యూకేపీడీఎస్ అనే టైప్ 2 పరిశోధనలో బీపీని సగటున 144/82 దగ్గర ఉంచిన గుంపుకి, 154/87 గుంపుతో పోలిస్తే రెటినోపతి ముదరడం 34 శాతం తగ్గింది. పది పాయింట్ల తేడాకే అంత. ఇన్సులిన్ మీద కోపంగా ఉన్న మనిషి చేతిలో ఈ బీపీ మాత్ర పెట్టి, ‘కన్ను కావాలంటే దీన్ని రోజూ మింగు’ అని చెప్పొచ్చు. కోపం పనికొచ్చే చోటికి మళ్లుతుంది.

ఉండండి, మాత్రల చీటీ మొత్తం పెట్టలేదు మీరు. గ్లార్జిన్‌తో పాటు ఇంకేం మింగుతున్నాడు? కాళ్లు ఏమన్నా వాచినాయా?

మందులషాపు_గిరింపేట
మెట్‌ఫార్మిన్ 500, గ్లిమెపిరైడ్ 2, పయోగ్లిటజోన్ 15, మూడూ కలిసిన ఒకే మాత్ర, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. మూడేండ్లుగా అదే. చెప్పులు బిగుతయినాయని అన్నాడు పోయిన నెల, ఎండాకాలం కదా అనుకున్నా.

షుగర్_లెక్కలు
రోజుకి 30 మిల్లీగ్రాముల పయోగ్లిటజోన్, పైన ఇన్సులిన్. రెండూ ఒంట్లో ఉప్పు, నీరు నిలబెట్టేవే. రెండూ కలిస్తే కాళ్ల వాపు, గుండె బలహీనంగా ఉంటే ఆయాసం, కొందరికి మాక్యులాలో నీరు. అందరికీ రాదు, పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. కానీ మాక్యులా పక్కన గడ్డలు, కాళ్ల వాపు, ఇన్సులిన్, ఈ మాత్ర, నాలుగూ ఒకే మనిషిలో కనబడినప్పుడు రాసిన డాక్టరుకి కాగితం పంపాల్సిందే.

మీరు మాత్రం కౌంటర్లోనే ఆపేయద్దు. మూడు కలిసిన మాత్ర ఆపితే మిగతా రెండూ ఆగిపోతాయి. చీటీ మీద ‘కాళ్ల వాపు, ఎడమ మాక్యులా దగ్గర గడ్డలు, పయోగ్లిటజోన్ వద్దేమో చూడగలరు’ అని రాసి పంపండి. మార్చినా వాపు మరుసటి రోజే పోదు, వారాలు పడుతుంది. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ కూడా అడగండి. రెటీనా నాళం కారుతుంటే కిడ్నీ జల్లెడ కూడా కారుతుండొచ్చు. రక్తం తక్కువుంటే దూది మచ్చలు ఇంకా ఎక్కువ.

సంగటి_ముద్ద
ఇదంతా ఏం లేదు, తెల్లన్నం మానేసి సంగటి తింటే సరి అంటాడు మా వీధాయన.

షుగర్_లెక్కలు
సంగటి మంచిదే. ముద్ద ఎంత సైజు అన్నది చెప్పమను. అందులో బియ్యం నూక ఎంత వేస్తారో కూడా. రాగి పేరు చెప్పి రెండు ముద్దలు లాగిస్తే మీటరుకి తేడా తెలియదు.

తులసి_చుక్క
కంటికి ఆకుపసరు చుక్కలు, తేనె చుక్కలు వేస్తే లోపలి రక్తం కరుగుతుందంటారు. ఎందుకు ఎవరూ చెప్పరు?

అలిపిరి_అద్దాలు
కరగదు కాబట్టి. పైన వేసిన చుక్కలో ఎక్కువ భాగం కన్నీటి దారిలో గొంతులోకి పోతుంది. నల్లగుడ్డు దాటి కొంచెం ముందు భాగానికి చేరుతుంది. రెటీనా కంటికి వెనక గోడ. పసరుతో చేరేది నల్లగుడ్డు మీద పుండు. షుగర్ వాళ్లకి అది మానడం ఇంకా కష్టం.

మొగిలి_ఘాట్
ఓసీటీలో నీరు ఉందని వస్తే వెంటనే కంట్లో సూదేనా? ఆ సూది పేరు చెప్తేనే జనం పారిపోతున్నారు.

లేజర్_బండి
నీరు ఎక్కడుంది, చూపు ఎంత, ఈ రెండిటి మీద. నడుమన లేకపోతే సాధారణంగా కనిపెట్టుకొని ఉంటాం, లేదా కారే చోట చిన్న లేజరు. నడుమన నీరుండి చూపు ఇంకా బాగుంటే కూడా తొందర లేదు. 2019లో వచ్చిన ఒక పరీక్షలో అట్లాంటి వాళ్లకి వెంటనే సూది, వెంటనే లేజరు, ఊరికే చూస్తూ అవసరమైతే సూది, మూడు దారులూ పెట్టినారు. రెండేండ్లకి ఐదక్షరాలు అంతకుమించి పోగొట్టుకున్నది 16, 17, 19 శాతం. పెద్ద తేడా లేదు. అయితే ‘ఊరికే చూడటం’ అంటే రాకుండా పోవడం కాదు, పిలిచిన రోజు రావాల.

చూపు తగ్గి నడుమన నీరుంటే సూదే. బెవాసిజుమాబ్ 1.25, రానిబిజుమాబ్ 0.5, అఫ్లిబెర్సెప్ట్ 2 మిల్లీగ్రాములు, మూడూ 0.05 మిల్లీలీటరే. చూపు 6/15 అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకి మొదటి ఏడాది అఫ్లిబెర్సెప్ట్ కొంచెం మెరుగని 2015లో తేలింది. అంతకన్నా బాగున్నవాళ్లకి మూడూ సమానం. ఖర్చులో మాత్రం సమానం కాదు, ఆ మాట మొదటి రోజే మాట్లాడుకోవాల. నెలకొకటి చొప్పున మొదట మూడు నుంచి ఐదు, తర్వాత ఓసీటీ చూసి. ఒకటి వేయించుకొని ‘తగ్గలేదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ నష్టపోయేది.

రుయా_రోడ్డు_సిస్టర్
భయపడేవాళ్లకి చెప్పండి. మొద్దుబారే చుక్కలు వేసి, 5 శాతం పోవిడోన్ అయోడిన్ కంట్లో వేసి ఆగుతాం. మంట పుట్టేది ఆ అయోడినే, సూది కాదు. 30 గేజి సూది, లావు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. నల్లగుడ్డు అంచు నుంచి 4 మిల్లీమీటర్లు కొలిచి తెల్లగుడ్డులో, శుక్లం ఆపరేషన్ అయి లెన్సు పెట్టినవాళ్లకి 3.5. రెండు మూడు సెకన్లు.

ఆ రోజు నల్ల బుడగలు ఒకటి రెండు తేలితే గాలి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. తెల్లగుడ్డు మీద ఎర్ర మరక ఉంటే పైపై రక్తం, పది పదిహేను రోజులు. రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల నొప్పి పెరిగి, ఎరుపు పెరిగి, చూపు పడిపోతుంటే అది ఇన్ఫెక్షన్. రాత్రి పన్నెండయినా బయల్దేరాల, తెల్లారేదాకా ఆగద్దు. అరుదు, వేలల్లో ఒకటి. కానీ గంటల లెక్క.

మన ఊర్లో ఇంకోటి చెప్పాల. సూది వేసిన వారంలో పుష్కరిణిలో మునగద్దు, గుండు కొట్టించుకొని తలమీద నీళ్లు కుమ్మరించుకోవద్దు. మొక్కు ఎక్కడికీ పోదు.

ఆస్పిరిన్ మింగేవాళ్లు సూదికని ఆపేస్తున్నారు. ఆపద్దు.

లేజర్_బండి
ఆస్పిరిన్ సంగతి ఈటీడీఆర్ఎస్ అనే పాత కంటి పరిశోధనలోనే తేలిపోయింది. రోజుకి 650 మిల్లీగ్రాములు ఇచ్చినా కంట్లో రక్తస్రావం పెరగలేదు. గుండెకి రాసిన మాత్ర కంటి పేరు చెప్పి ఆపితే గుండె ఊరుకోదు.

మొగిలి_ఘాట్
కొండ మాట వచ్చింది కాబట్టి అడుగుతా. తెలిసినాయనకి రెటీనా లాక్కుపోయిందని పొర తీసే ఆపరేషన్ చేసి లోపల గ్యాస్ పెట్టినారు. పది రోజులైంది. నడిచి కాదు, బస్సులో కొండకి పోవచ్చా?

లేజర్_బండి
వద్దు. బస్సులోనూ వద్దు, కారులోనూ వద్దు.

లెక్క చూడండి. తిరుపతి నుంచి తిరుమలకి దాదాపు 700 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి 8 శాతం దాకా తగ్గుతుంది, కంట్లో బుడగ అంతే సాగుతుంది. కంటి గుంటలో 4 మిల్లీలీటర్లు పడుతుంది. సగం గ్యాస్ మిగిలి ఉంటే 2 మిల్లీలీటర్లు, అది 0.16 పెరుగుతుంది. పైన సిస్టర్ చెప్పిన సూదిలో పట్టేది 0.05. అంటే ముప్పావు గంటలో మూడు సూదుల మందు కంట్లోకి తోసినట్టు. కొంత కన్ను సర్దుకుంటుంది. సర్దుకోలేకపోతే ఒత్తిడి పెరిగి, నొప్పి, వాంతులు, కంటినరానికి రక్తం ఆగడం. మెట్లెక్కినా అంతే, కాకపోతే నెమ్మదిగా.

ఏ గ్యాస్ పెట్టినారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. మామూలు గాలి అయితే వారం, ఎస్ఎఫ్6 రెండు వారాలు, సీ3ఎఫ్8 రెండు నెలల దాకా. డాక్టరు చూసి బుడగ పోయింది అనాల. సిలికాన్ నూనె పెట్టి ఉంటే ఈ బాధ లేదు, నూనె సాగదు. ఆయనది ఏ ఊరు?

మొగిలి_ఘాట్
మదనపల్లె. ఆపరేషన్ తిరుపతిలో.

లేజర్_బండి
మదనపల్లె కూడా ఎత్తే! సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్లు, తిరుపతికంటే 500 పైనే. భాకరాపేట ఘాట్ ఎక్కి పోయినాడా అప్పుడే?

మొగిలి_ఘాట్
లేదు, కూతురింట్లో తిరుపతిలోనే ఉండాడు. బోర్ల పడుకోమన్నారని.

లేజర్_బండి
అదృష్టం. అక్కడే ఉండమనండి. ఈలోగా వేరే ఏ ఆపరేషన్ కోసమన్నా మత్తు ఇవ్వాల్సి వస్తే, కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాల. నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే బుడగ ఉబ్బుతుంది.

సంగటి_ముద్ద
కొండ సంగతి అయింది. లడ్డు సంగతి ఎవరూ అడగలేదేంది?

షుగర్_లెక్కలు
ప్రసాదం అంటే చిటికెడు. లడ్డు మొత్తం అంటే ఫలహారం.

మందులషాపు_గిరింపేట
పీఆర్‌పీ (రెటీనా అంచులకి పెట్టే లేజరు) అని ఇంకొకాయన చీటీ వచ్చింది, అది వేరే మనిషిది. లేజరు పెట్టించుకున్నాక రాత్రిపూట దారి కనబడలేదు, పాడుచేసినారు అంటున్నాడు. ఈయనకి కూడా అదే గతి పడుతుందా అని మా కస్టమరు అడిగినాడు.

లేజర్_బండి
ఈయనకి ఇప్పుడు అవసరం లేదు. పీఆర్‌పీ కొత్త నాళాలు మొలిచినవాళ్లకి, కొన్నిసార్లు మొలవబోయేవాళ్లకి. మొలవబోతున్నాయని తెలిసేది 4-2-1 లెక్కతో. నాలుగు భాగాల్లోనూ రక్తపు చుక్కలు దండిగా ఉండటం, రెండు భాగాల్లో సిరలు పూసల దండలా ఉబ్బడం, ఒక భాగంలో రెటీనా లోపలే వంకర నాళాలు. మూడిట్లో ఒకటున్నా తీవ్రదశ. ఏడాదిలో సగం మందికి కొత్త నాళాలు వస్తాయి.

కొత్త నాళం అంటే జనం మంచిదే అనుకుంటారు. అది పాలిథిన్ కవరంత బలహీనం, కంటి లోపలి జెల్లీని పట్టుకొని పెరుగుతుంది. జెల్లీ కదిలితే తెగి రక్తం, ముడుచుకుంటే రెటీనాని లాగుతుంది.

లేజరు చేసేది ఏందంటే, ఆక్సిజన్ కోసం అరిచే అంచు రెటీనాని కొంత కాల్చి నోరు మూయించడం. అరుపు అంటే వీఈజీఎఫ్ అనే పదార్థం. పాత లెక్కలో 500 మైక్రాన్ల చుక్కలు 1200 నుంచి 1600, రెండు మూడు సార్లుగా. ఇప్పటి 20 మిల్లీసెకన్ల ప్యాటర్న్ లేజరుకి ఇంకా ఎక్కువ చుక్కలు కావాల. అంచున చీకటి చూపు చూసే కణాలే ఎక్కువ, కాబట్టి రాత్రి చూపు తగ్గడం పొరపాటు కాదు, చెల్లించిన ధర. ఆ మాట ముందే చెప్పకపోవడమే పొరపాటు.

పీలేరు_పీజీ
సూదులతోనే సరిపెట్టొచ్చని 2015లో తేలింది కదా సార్?

లేజర్_బండి
తేలింది, పిలిచినప్పుడల్లా వచ్చేవాళ్లకి. సూదుల మీదే ఉండి ఆరు నెలలు కనబడకుండా పోయినవాళ్లలో కొందరికి రెటీనా ఊడి వస్తుంది. మామిడికాయల సీజన్‌లో మండీ వదిలి రాలేని మనిషికి నేను లేజరే పెడతా.

మందులషాపు_గిరింపేట
ఫెనోఫైబ్రేట్ కంటికి మంచిదని ఒక డాక్టరు రాస్తున్నాడు. కొలెస్ట్రాల్ మందు కదా?

షుగర్_లెక్కలు
ట్రైగ్లిజరైడ్ మందు. కానీ కంటికి పనికొచ్చేది ఆ దారిలో కాదనిపిస్తుంది. 2010లో వచ్చిన ‘అకార్డ్ ఐ’ పరిశోధనలో నాలుగేండ్లకి ముదిరినవాళ్లు ఆ మందుతో 6.5 శాతం, లేకుండా 10.2 శాతం. 2024లో లెన్స్ అనే పరీక్షలో తొలిదశల వాళ్లకే ఇస్తే ముదరడం 27 శాతం తగ్గింది. మొదలుపెట్టగానే క్రియాటినిన్ కొంచెం ఎగబాకుతుంది, కిడ్నీ బాగా తగ్గినవాళ్లకి వద్దు. అందుకే ముందు ఆ రిపోర్టు రానీయండి.

మందులషాపు_గిరింపేట
రిపోర్టులు వచ్చినాయి. ఓసీటీ కుడి 262, ఎడమ 281 మైక్రాన్లు, నట్టనడుమ నీరు లేదు. ఎడమ కంట్లో మధ్య నుంచి 900 మైక్రాన్ల దూరంలో చిన్న వాపు. క్రియాటినిన్ 1.3, మూత్రంలో ఆల్బుమిన్ పోతా ఉంది. చీటీ మీద రాసి పంపితే డాక్టరు పయోగ్లిటజోన్ తీసేసినాడు, టెల్మిసార్టాన్ 80 చేసినాడు. సూది అవసరం లేదు, మూడు నెలలకి రమ్మన్నారు. ఇన్సులిన్ ఆపలేదు. వాదన మాత్రం ఆపలేదు, ‘నేను చెప్పినట్టు మాత్ర తప్పే కదా’ అంటున్నాడు.

లేజర్_బండి
281 ఏ మిషన్‌లో తీసిందో రాసిపెట్టుకోమనండి. ఒక్కో కంపెనీ మిషన్ ఒక్కో పొర దాకా కొలుస్తుంది, అంకె కదులుతుంది. మూడు నెలల తర్వాత వేలూరులో వేరే మిషన్ మీద తీయించుకొని ‘ఇరవై పెరిగింది’ అని మళ్లీ మీ కౌంటరుకే వస్తాడు.

అలిపిరి_అద్దాలు
వచ్చే చెకప్‌కి బండి వేసుకొని పోవద్దని కూడా చెప్పండి. పాప పెద్దది చేసే చుక్కలు నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటాయి. 160 బీపీ మనిషి కాబట్టి ఫినైలెఫ్రిన్ కలవని వట్టి ట్రోపికమైడ్ వేయమని అడగాల. అది రవంత నిదానం, ఇంకో పావుగంట కూర్చోవాల.

ఫండస్_ఫొటో
ఫిబ్రవరి ఫొటో పారేసినాడా?

మందులషాపు_గిరింపేట
లేదు, ఇన్సులిన్ పెన్ను డబ్బాలోనే మడిచి పెట్టినాడు. సాక్ష్యం అంట.

ఫండస్_ఫొటో
మడిచినాడా! ఫైల్ అడిగి సెల్‌ఫోన్‌లో వేయించు. మడత గీత మాక్యులా మీదుగా పోతే ఎవడో ఒకడు దాన్ని కూడా నాళం అంటాడు.